శకుంతలక్క కారులో భజనలు

నిన్న నాందేడ్ స్టేషన్ దగ్గర మిస్త్రీ ఒకడు పాత కారులోంచి పాటల టేపు ఊడదీస్తున్నాడు. కాలిన తీగ వాసన, ఎండకు వేడెక్కిన ప్లాస్టిక్ వాసన కలిసి ముక్కుకు తగిలాయి. నాకు వేరే పని ఉంది, అయినా అక్కడే నిలబడిపోయాను. శకుంతలక్క పోయి ఏడాది దాటింది.

ఆమె మా ఆసుపత్రిలో హెడ్ నర్సు. కిన్వట్ నుంచి కొత్త నర్సుగా వచ్చిన నాకు పని నేర్పింది ఆమే. చేరిన కొత్తలో ఒక ముసలాయన మంచం పక్కన నన్ను నిలబెట్టి, కళ్లు మూసుకోమంది. ఏం వినబడుతున్నదని అడిగింది. ఫ్యాను, బయట ఆటోలు అన్నాను.

"గవి కాదు. ఆయన దమ్ము ఇను. కొసకు సన్నగ ఈల లెక్క వస్తలేదా? మిషన్ చెప్పకముందే మనిషి చెప్తడు" అంది.

కాసేపటికి నాకూ వినబడింది. డాక్టరుకు కబురు చేశాం, ముసలాయనకు గండం గడిచింది. వినడం కూడా ఒక పనేనని నాకు తెలిసింది ఆ రోజే.

అక్క భర్త రైల్వేలో పనిచేస్తూ చిన్న వయసులోనే పోయాడు. ఆయన కొన్న చిన్న కారును ఆమే నడుపుకునేది. అందులోని టేపు ఎన్నడో ఒక క్యాసెట్టును నమిలి మూగబోయింది. అక్క వాళ్ల నాయన సొంతూరు కర్ఖేలిలో భజనల్లో కంచు తాళాలు వాయించేవాడట. ఆ మోత పక్కనే పెరిగిన మనిషి ఏళ్ల తరబడి పాట లేని కారులో తిరిగింది. కొత్తది పెట్టించుకోమంటే ముందు ఆడబిడ్డ పెళ్లి కావాలనేది. పెళ్లయ్యాక మరిది చదువు, ఆ తర్వాత కురుస్తున్న ఇంటి కప్పు. "పాటలు యాడికి పోతయే? రిటైరైనంక నిమ్మలంగ వింట" అని నవ్వేది. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని.

రిటైరైన వెంటనే నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లింది. పాత టేపు ఉన్న చోటనే ఫోన్ పాటలూ పెన్ డ్రైవ్ పాటలూ వచ్చేది పడుతుందని మిస్త్రీ మరాఠీలో చెప్పాడు. స్పీకర్ల అట్టలు చిరిగిపోయాయి, అవీ మార్పించింది. తన కోసం ఆమె అంత తొందరపడటం నేనెప్పుడూ చూడలేదు. ఆమె అడిగిన భజనలన్నీ వెతికి పెన్ డ్రైవ్‌లో ఎక్కించాను.

ఆదివారం పొద్దున కర్ఖేలి దారి పట్టాం. మొదటి భజన మొదలైంది. మృదంగానికి ఆమె వేళ్లు స్టీరింగ్ మీద ఆడాయి. కాసేపటికి సౌండు పెంచింది, మళ్లీ పెంచింది. మొహం చిన్నబోయింది.

"తాళాలు కొట్టెటోడు రాలేదా ఏంది? ఇది మంచిది కాదు, వాపస్ ఇచ్చేద్దాం."

తాళాలు మొదటినుంచీ గణగణా మోగుతూనే ఉన్నాయి. నేను స్పీకరు వైపు, ఆమె వైపు చూశాను. నా మొహం చూసి ఆమెకే అర్థమైంది. పత్తి చేను పక్కన కారు ఆపింది. తాళాలు ఎట్లా మోగుతున్నాయో చెప్పమంది. మంచిగున్నాయన్నాను.

"మంచిగున్నయంటె రిపోర్టు అయితదా? సరిగ్గ చెప్పు."

చెప్పాను. మొదట దూరదూరంగా పడుతున్నాయన్నాను. పాడేవాళ్ల గొంతు పైకి లేచినకొద్దీ దగ్గరవుతున్నాయని, ఆఖరికి ఒకదానిమీద ఒకటి వాన పడ్డట్టు పడుతున్నాయని చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని తల ఊపింది.

తాళాల్లాంటి సన్నని, పైస్థాయి శబ్దాలు వినే శక్తి ఏళ్లుగా కొంచెం కొంచెం పోతూ వచ్చిందని చెవుల డాక్టరు చెప్పాడు. చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు తేటపడ్డాయి గానీ తాళాలు రేకు డబ్బా మీద దెబ్బల్లా ఉన్నాయని పాట పెట్టగానే దాన్ని తీసేసేది. ఆ తర్వాత తీరిక దొరికిన ఆదివారమల్లా ఇద్దరం కారులో వెళ్లేవాళ్లం. పాట ఆమె పెట్టేది, తాళాలు నేను చెప్పేదాన్ని. కొన్నాళ్లకు గుండెజబ్బు ఆమెను మంచాన వేసింది. లేవనే లేదు.

ఇంటి కప్పు ఒక వానాకాలం ఆగితే ఏమయ్యేది? ముందు నీ పాట కానివ్వు అక్కా అని మాలో ఒక్కరమైనా గట్టిగా అని ఉంటే ఏమయ్యేది? ఇప్పటికీ భజన ఎక్కడ వినబడినా నేను ఊరికే వినలేను. తాళాలు మొదలుకాగానే వాటికి మాటలు వెతుక్కుంటాను. మాటలు దొరుకుతాయి. చెప్పడానికి పక్కకు తిరుగుతాను.