గంటలో కలిసిన ఇస్త్రీపెట్టె

మా అమ్మకు నోట్లో నాలుక లేదంటారు. నన్నడిగితే ఆ నాలుక చేతుల్లోకి దిగింది. వీధి చివర బల్ల వేసుకుని ఊళ్లో సగం చొక్కాలు ఆమే ఇస్త్రీ చేసేది. కాలరు చూసి ఎవరికి కొత్త ఉద్యోగం వచ్చిందో చెప్పేసేది.

ఆమె వాడిన బొగ్గుల ఇత్తడి పెట్టె నిజానికి మా నాయనమ్మది. తాతయ్య పోయాక ఆవిడ ఆ పెట్టెతోనే మా నాన్నను పెంచింది. మూత వదులై, తోస్తున్నప్పుడల్లా లొడలొడమనేది.

మా చిన్న దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక రాజధానిలో పెద్ద చర్చి కట్టారు. ఇంటింటి ఇత్తడీ కంచూ కరిగించి దానికి గంట పోస్తామన్నారు. అందరూ చిల్లుపడ్డ గిన్నెలు, విరిగిన గడియలు ఇచ్చారు. అమ్మ మాత్రం కూడుపెట్టే పెట్టెనే ఇచ్చేసింది. "దేవుడికీ దేశానికీ పనికిరానివా ఇచ్చేది?" అంది. అత్తగారిని అడగలేదు. అడిగితే పెట్టె గడప దాటదని తెలుసు.

అది మొదలు దెప్పిపొడుపులే. అమ్మ ఇనుప పెట్టెతో తంటాలు పడుతుంటే, "బంగారంలాంటి పెట్టెను మా కోడలు పారేసింది" అని వచ్చేపోయేవాళ్లందరికీ నాయనమ్మ చెప్పేది. అమ్మ కిక్కురుమనేది కాదు. కానీ ఆవిడ నోట ఒక్క మంచిమాట వినాలని ఎంత ఆశపడేదో నాకు తెలుసు.

మొన్న జబ్బు నుంచి తేరుకున్న నాయనమ్మ, "పోయేలోపు నా పెట్టె గతేమయిందో చూడాలి" అంది. అమ్మ ముఖం పాలిపోయింది. అయినా ముగ్గురం బస్సెక్కాం.

చర్చిలో అడుగుపెట్టాం. స్తంభాల నిండా దేశం కోసం పోయినవాళ్ల పేర్లు. కిటికీ అద్దాల్లోంచి మన జెండా రంగులు శిలువ పాదాల దగ్గర పడుతున్నాయి. ఇది మనవాళ్లు కట్టిందే కదా అని ఒళ్లు పులకరించింది. నాయనమ్మ మాత్రం, "ఇంత ఎత్తున బూజు ఎవరు దులుపుతారే?" అంది.

మధ్యాహ్నం గంట మోగింది. కాళ్ల కింద రాయి అదిరింది. అందరూ లేచి నిలబడ్డారు. నాయనమ్మ కూడా నా భుజం పట్టుకుని లేచి, ఆ మోత ఆగేదాకా చెవి ఒగ్గి వింది.

"లొడలొడ పోయిందే," అంది అమ్మతో.

"కరిగించారు కదత్తయ్యా."

"ఏం పోయిందమ్మా?" అని పక్కనున్న పెద్దాయన అడిగాడు. మళ్లీ పాత పాట మొదలవుతుందని అమ్మ తల దించుకుంది.

"ఆ గంటలో నా ఇస్త్రీపెట్టె ఉంది నాయనా," అంది నాయనమ్మ. "మా కోడలు ఇచ్చింది."