ఖాలా ఇంటి రంగుటద్దాలు, నా లప్పం కత్తి

ఈ సంగతి రాసి పెట్టక తప్పదని నాకు మొన్ననే తెలిసింది. మా వంటగది తలుపు వెనక మేకుకు ఒక కత్తి వేలాడుతూ ఉంటుంది. జానెడు కన్నా కాస్త పొడుగు, వీపు లావు, మూతి లోపలికి వంకర, పిడికి తోలు చుట్టి ఉంటుంది. మా కోడలు దానితో కొబ్బరికాయ పీచు తీస్తుంది. పాలవాడు దాన్ని చూసి "తాతా, ఎనుకట కల్లు గీసిండ్రా?" అని అడిగాడు. మొన్న మా మనుమడు తన స్నేహితులను వెంటబెట్టుకొచ్చి, తాత పులిని చంపిన కత్తి ఇదేనని చూపించాడు. (పులి ఏ అడవిదో, ఎంత పొడుగుదో కూడా వాడే చెప్పాడు. నేను అడ్డు చెప్పే లోపల పిల్లలు నాకు దండం పెట్టి వెళ్ళిపోయారు.) నిజానికి అది కిటికీ చట్రాల్లోంచి పాత లప్పం తీసే పనిముట్టు. లప్పం అంటే అద్దం కదలకుండా చుట్టూ పట్టించే ముద్ద, ఎండితే గట్టిపడుతుంది. ఈ మాట చెప్పగలిగిన వాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. నేను పోతే ఆ కత్తికి పులి ఖాయమైపోతుంది. అందుకని రాస్తున్నాను.

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. చదివిన పని, వచ్చిన పనే అని. బడిలో నేను చదివింది తక్కువ. వర్నిలో మా బాపు పొలానికి కాలువ నీళ్ళు వదిలిన ప్రతిసారీ నా చదువుకు సెలవు వచ్చేది, ఒకసారి వచ్చిన సెలవు మళ్ళీ పోలేదు. నిజామాబాదుకు వచ్చి పసుపు అడ్తి దుకాణంలో బస్తాలు తూకం వేయించే పనిలో చేరాక, ఊళ్ళో గ్రంథాలయం కనబడింది. ఇక చూసుకోండి. తేనెటీగల పెంపకం, నక్షత్రాల గమనం, గడియారాల మరమ్మతు, ఏది దొరికితే అది చదివేశాను. ఇంగ్లీషు పుస్తకమైతే పక్కన నిఘంటువు పెట్టుకుని చదివేవాణ్ణి. ఈత కూడా పుస్తకంలోనే నేర్చుకున్నాను. (నిజాంసాగర్ కాలువ ఆ పుస్తకం చదవలేదని దిగాక తెలిసింది.) దుకాణంలో హమాలీలు నన్ను "కితాబ్ పటేల్", అంటే పుస్తకాల పటేల్, అనేవాళ్ళు. అది వెక్కిరింపు అని నాకు చాలాకాలం తెలియలేదు. తెలిశాక కూడా బాగానే ఉందనిపించింది.

మా దుకాణం వెనక వీధిలో ఖాలా ఇల్లు. ఖాలా అంటే పినతల్లి. ఆమె అక్క కొడుకు అలా పిలిస్తే వీధి వీధంతా, హిందువులూ ముస్లిములూ, అదే పిలుపు పట్టుకున్నారు. ఆమె భర్తకు పత్రికలంటే ప్రాణం. ఆయన పోయాక వీధివైపు గదిని ఖాళీగా ఉంచలేక, "ఆయన పేపర్ సదివిన గదిల మీరు నాలుగు పేపర్లు సదువుకోండ్రి బాబా" అని మా కుర్రవాళ్ళకు ఇచ్చింది. అలా మా పఠన మందిరం వెలిసింది. గదికి పెద్ద కిటికీ, దానికి ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల అద్దాలు. ఖాలా మామగారు ఎక్కడినుంచో తెప్పించి పెట్టించినవట. సాయంత్రం ఎండ వాటిలోంచి బెంచీల మీద పడేది. ఒకే వార్త పసుపు వెలుగులో శుభవార్తలాగా, ఎరుపులోకి జరిపితే యుద్ధంలాగా ఉండేది.

బోధన్‌లో ఉన్న ఖాలా కూతురు కొత్త ఇల్లు కట్టుకుంటూ, చిన్నప్పుడు తాను ఆడుకున్న ఆ రంగుటద్దాలు తన ఇంటికి కావాలని కబురు పంపింది. అడగడానికి ఆమెకు హక్కుంది. చిక్కంతా తీయడంలో వచ్చింది. అద్దాలు బిగించే మనిషి వచ్చి చూసి, లప్పం రాయిలా ఉంది, అద్దాలు విడిగా రావు, చట్రంతో సహా పెకలించాలి, అంటే గోడ పగలగొట్టాలి అని చెప్పి వెళ్ళాడు. అది విని ఖాలా అక్క కొడుకు ముఖం వెలిగిపోయింది. అతనికి లోకంలో ఒకటే ధ్యాస, మల్గీలు. మల్గీలంటే అద్దెకిచ్చే దుకాణపు గదులు. ఏ గోడ చూసినా అందులో ఎన్ని మల్గీలు దిగుతాయో చెప్పేవాడు. అందుకే మేం అతన్ని మల్గీ మియా అనేవాళ్ళం.

"గోడ ఎట్లాగు పోతున్నది గద ఖాలా," అన్నాడు, "గా జాగల రెండు మల్గీలు తీద్దాం. సదువుకునేటోళ్ళు యాడనన్న సదువుకుంటరు."

మాకు మరో చోటు ఇచ్చేవాళ్ళెవరూ లేరు. "ఖాలా, గోడ జోలికి పోకుండ్రి," అన్నాను. "అద్దాలు ఒక్కొక్కటే నేను తీసిస్త."

"నీకెట్ల వస్తది కితాబ్ పటేలా?"

"సదివిన."

మల్గీ మియా పగలబడి నవ్వాడు. "మొన్న గడియారం బాగు చేసుడు గూడ సదివిండు ఖాలా. గా గడియారం ఇప్పుడు సంచిల ఉన్నది."

(అది నిజమే. కానీ ముక్కలన్నీ సంచిలోనే ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు. ఆ సంగతి ఎవరూ చెప్పరు.)

ఖాలా కాసేపు నన్నూ, కిటికీనీ మార్చి మార్చి చూసింది. "సరే బాబా. మా బిడ్డ శుక్రారం, జుమ్మా నాడు వస్తది. గప్పటికి అన్ని సలామత్‌గ తీస్తివా, గది మీదే. ఒక్కటి పగిలిందనుకో, గోడ తీస్తం, మల్గీలు పడతయి. మళ్ళ నా దగ్గర ఏడ్వొద్దు."

ఇళ్ళు కట్టే పనుల మీద గ్రంథాలయంలో ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. అందులో అచ్చంగా ఇలాంటి పనికే ఒక కత్తి బొమ్మ ఉంది. పొట్టి అలుగు, సుత్తెతో కొట్టడానికి లావైన వీపు, చెయ్యి అదరకుండా పిడికి తోలు. ఆ బొమ్మను పసుపు పొట్లాల కాగితం మీద ఎక్కించుకుని బోధన్ బస్సెక్కాను. అక్కడ మా బాపుకు తెలిసిన కమ్మరి ఒకాయన ఉన్నాడు. చుట్టుపక్కల చెరుకు నరికే కత్తులన్నీ ఆయన కొలిమిలో పుట్టినవే. నేను ఆయన్ని కత్తుల మామ అనేవాణ్ణి. చెరుకు కోతల కాలం, కొలిమి ముందు జనం కిటకిటలాడుతున్నారు.

"చెరుకు నరుకుడుకా?" అన్నాడు కాగితం చూసి.

"కాదు మామా. కిటికీ అద్దాల సుట్టు లప్పం ఉంటది గద, అది తీసుడుకు."

"గంత సన్న పనికి గింత లావు కత్తా? ఎవడు సెప్పిండు?"

"ఇంగ్లీషు పుస్తకంల ఉన్నది."

"ఇంగ్లీషోళ్ళు చెరుకు తినరా ఏంది?" అని కాగితం కొలిమి పక్కన పెట్టాడు. ఒక నిప్పురవ్వ ఎగిరి వచ్చి సరిగ్గా బొమ్మలో కత్తి మూతి ఉన్నచోట పడింది. నేను ఊది ఆర్పేసరికి మూతి లేదు, చిల్లు ఉంది. మిగతాది బొమ్మ ప్రకారమే సాగదీసి, ఆ చిల్లు దగ్గరికి వచ్చేసరికి మామ తన చేతికి అలవాటైన మూతి పెట్టేశాడు. చెరుకు కత్తికి ఉండే వంకర మూతి.

"మామా, మూతి వంకర పోయింది!"

"వంకర లేకుంటె అది కత్తి ఎట్లయితదిరా? కోతల దినాల నిలవెట్టి సతాయించకు. పో."

తిరుగు బస్సులో దాన్ని దినపత్రికలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. వంకర మూతి కాగితం చించుకుని బయటికి చూస్తోంది. పక్కన కూర్చున్న పెద్దమనిషి "ఎవరింటికి పోతున్నవు తమ్మీ?" అన్నాడు. నేను లోపల అద్దాల గురించే ఆలోచిస్తూ "ఖాలా ఇంటికి. జుమ్మా లోపల అన్ని తీసెయ్యాలె," అన్నాను. ఆయన లేచి, నిజామాబాదు దాకా నిలబడే వచ్చాడు. సీటంతా నాదే. కండక్టర్ నన్ను "మీరు" అన్నాడు.

జుమ్మా నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాను. మల్గీ మియా కుర్చీ వేసుకుని, చేతిలో కొలత టేపు పట్టుకుని కూర్చున్నాడు. నేను కత్తి అంచు లప్పానికి ఆనించి వీపు మీద సుత్తెతో కొట్టాను. ఖంగుమంది. లప్పం చెక్కు చెదరలేదు. ఖాలా లోపల్నుంచి "యా అల్లా!" అంది. ఇంకోసారి కొట్టాను. ఖంగు, యా అల్లా. ఈ రెండు చప్పుళ్ళు తప్ప ఎంతసేపటికీ వేరే ఫలితం కనబడలేదు. మల్గీ మియా మాత్రం ఉత్సాహంగా గది అడ్డంగా కొలుస్తున్నాడు. "ఖాలా, ఒకటి పాన్ డబ్బాకు, ఒకటి దర్జీకి," అంటున్నాడు. నేను పరువు దక్కించుకోవడానికి లప్పం తత్వం గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాను. సుద్దపొడి, అవిసె నూనె కలిపి చేస్తారనీ, ఏళ్ళు గడిస్తే గట్టిపడుతుందనీ.

ఉపన్యాసం మధ్యలో కాస్త పొడి రాలింది. రాలిన పొడి కదలసాగింది. వంగి చూస్తే చీమలు దాన్ని మోసుకుపోతున్నాయి, పెండ్లి సామాను మోసేవాళ్ళలాగా బారులు తీరి. సుద్దా, అవిసె నూనే చీమలకెందుకని నేను ఆలోచిస్తుంటే, ఖాలా వచ్చి ఒక చిటికెడు పొడి నాలుక మీద వేసుకుంది.

"తియ్యగున్నది!" అంది ఆశ్చర్యంగా. తర్వాత నవ్వింది. "మా మామకు బోధన్ బెల్లం పిచ్చి ఉండె. ఇల్లు కట్టేటప్పుడు సున్నంల బెల్లం పాకం పోయించిండని అత్త సెప్తుండె. లప్పంల గూడ పోయించినట్టున్నడు. అరె పటేలా, బెల్లమైతే గరం నీళ్ళకు కరగదా?"

నా పుస్తకంలో చీమలూ లేవు, బెల్లమూ లేదు. అయినా అంగీకరించాను. మల్గీ మియా నమాజుకు వెళ్ళాడు. ఖాలా పెద్ద గంజు నిండా నీళ్ళు కాచింది. వేడి నీళ్ళు ఒక్కసారిగా పోస్తే అద్దం చిట్లుతుందని (ఇది మాత్రం చదివిందే) గోరువెచ్చని నీళ్ళలో గోనె సంచులు ముంచి కిటికీకి వేలాడదీయాలని నిర్ణయించాను. సంచులకేం కొదవ? మా దుకాణంనుంచి ఖాళీవి ఒక మోపు తెచ్చాను. లప్పం మెల్లగా మెత్తబడింది. మెత్తబడ్డ లప్పాన్ని మూలల్లోంచి గీరి తీయడానికి మామ పెట్టిన వంకర మూతి ఎంత బాగా పనికొచ్చిందో చెప్పలేను. పసుపు అద్దం వచ్చింది, ఆకుపచ్చది వచ్చింది, ఎరుపు వచ్చింది. ఒక్కొక్కటీ తీసి పరుపు మీద పడుకోబెట్టాను. చివరకు ఒక్క నీలం మిగిలింది.

నా వెనక జరుగుతున్నది నేను చూసుకోలేదు. ఆ సంచులు పసుపు సంచులు. గోడకు వేసింది సున్నం. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో దిష్టి తీసే ప్రతి ఇల్లాలికీ తెలుసు. పగలంతా పసుపులో మునిగి, సాయంత్రం రసాయన శాస్త్రం చదివే నాకు మాత్రం ఆ పూట గుర్తు రాలేదు. కిటికీ కింది గోడంతా ఎర్రగా కారుతోంది. కింద ఎర్రటి మడుగు. సున్నం, పసుపు అంటిన నా చొక్కా ఎరుపు, చేతులు ఎరుపు, చేతిలో చెరుకు కత్తి.

సరిగ్గా అప్పుడు మల్గీ మియా నమాజునుంచి తిరిగివచ్చి గడపలో కాలు పెట్టాడు.

"ఖూన్! ఖూన్ హోగయా! కితాబ్ పటేల్ ఖాలాను సంపిండు!"

ఆ కేకకు నేను ఎగిరిపడ్డాను. అప్పుడే ఊడి నా రెండో చేతిలోకి వచ్చిన నీలం అద్దం జారి, కిటికీ గూటి అంచుకు తగిలి, తడి సంచుల మీద పడింది. ఖాలా వేడినీళ్ళ గంజుతో లోపల్నుంచి వచ్చి, "ఎవరు సచ్చిన్రు బాబా?" అంది.

"నువ్వే ఖాలా!" అన్నాడు మల్గీ మియా.

వీధిలో జనం మూగారు. నేను వాళ్ళను చూడలేదు, అద్దాన్నే చూస్తున్నాను. ఒక మూల విరిగింది. గది పోయింది, బెంచీలు పోయాయి, సాయంకాలాలు పోయాయి. మల్గీ మియా తేరుకుని నా పక్కకు వచ్చి వంగి చూశాడు. "పగిలింది! షరత్ షరతే ఖాలా!"

ఖాలా గంజు కింద పెట్టి, విరిగిన ముక్క చేతిలోకి తీసుకుంది. "పగిలింది, నేను గూడ సూసిన. పొద్దటిసంది గీ పోరడు ఇన్ని అద్దాలు తీసిండు, ఒక్కటన్న పగిలిందా? నువ్వు ఒర్లంగనే పగిలింది. అది పటేల్ చేతిల పగల్లేదు, నీ నోట్ల పగిలింది. మల్గీల ముచ్చట మళ్ళ తెస్తివా, మల్గీకి ఏసే తాళం నీ నోటికి ఏస్త!"

జనం గొల్లుమన్నారు. ఖాలా కారుతున్న గోడను చూసి, "మంచిదే అయింది. ఇంటికి దిష్టి తీసినట్టయింది," అంది.

సాయంత్రం బోధన్‌నుంచి కూతురు వచ్చింది. గోడను చూసి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అద్దాలన్నీ చీరల మధ్య పెట్టి తీసుకుపోతూ, మూల విరిగిన నీలాన్ని మాత్రం మాకే వదిలేసింది. మామూలు అద్దాల నడుమ దాన్ని బిగించాం, ఈసారి అవిసె నూనె లప్పంతో. (చీమలు వచ్చి వాసన చూసి వెళ్ళిపోయాయి.) గోడకు ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ ఎరుపు మళ్ళీ పైకి వచ్చేది. కొత్తగా వచ్చిన వాళ్ళందరికీ దాన్ని చూపించి, ఆ కథ చెప్పే పని మల్గీ మియా తీసుకున్నాడు. కథ చెప్పడానికి వచ్చి పత్రిక చదవడం మొదలుపెట్టాడు. చివరకు మాలో అందరికన్నా ముందు వచ్చి, అందరికన్నా వెనక పోయే పాఠకుడు అతనే అయ్యాడు.

ఇక కృతజ్ఞతలు. నాలుక మీద పొడి వేసుకుని మా గదిని నిలబెట్టిన ఖాలాకు. సంచులు ఎందుకని అడగని మా దుకాణం సేటుకు. కత్తుల మామకూ, ఆయన కొలిమిలోంచి ఎగిరొచ్చిన ఆ నిప్పురవ్వకూ. నీలాన్ని వదిలి వెళ్ళిన ఖాలా కూతురికి. పేర్లు తెలియని చీమలకు. అందరికన్నా ఎక్కువగా మల్గీ మియాకు. ముసలితనంలో ఒక సాయంత్రం అతను పత్రిక మడిచి, "పటేలా, గప్పుడు మల్గీలు పడి ఉంటే నేను ఇప్పుడు యాడ కూసుంటుంటి?" అన్నాడు. ఇప్పుడు అతనూ లేడు. నేను ఆ బెంచీ మీద కొంచెం పక్కకు జరిగి కూర్చుంటాను. అప్పుడప్పుడు నవ్వు వస్తుంది. ఆ జుమ్మా సాయంత్రం కితాబ్ పటేల్ అనే ఒక కుర్రవాడు ఎర్రగా తడిసిన చొక్కాతో, చేతిలో కత్తి ఉన్న సంగతే మరిచిపోయి, "భయపడకుండ్రి, పసుపే!" అని, ఖూన్ కేక విని తలుపులు బిగించుకున్న పక్క వీధిలో ఇంటింటి తలుపూ తట్టి చెబుతూ పోయాడు. ఒక్కరూ తలుపు తీయలేదు. పాపం, ఎంత మర్యాదగా తట్టాడో.