ఉప్పు డబ్బా చోటు

వీధిలో అందరూ ఆయన్ని కమాన్ల బావ అనేవారు. కారైనా లారీ అయినా, కింద కుదుపు ఓర్చుకునే సామానంతా ఆయన కొట్లో దొరికేది. లారీ కింద విల్లులా వంగి ఉండే కమాన్ పట్టీలు, కార్ల స్ప్రింగులు, షాకప్సర్లు, గుప్పిట్లో పట్టే రబ్బరు బుష్షులు. ఏ డబ్బా మీదా పేరుండదు. ఆయన మాత్రం కబుర్లాడుతూనే చెయ్యి చాపి తీసిచ్చేవాడు.

ఆయన పోయాక కొట్లో కూర్చుంటున్న మరిది, ఇంటికొచ్చి ఆయన భార్య ముందు తల పట్టుకున్నాడు.

"ఏది ఏ బండిదో అన్నయ్యకే తెలియాలి వదినా. సాయంత్రం పాత ఇనుము వాడొస్తాడు. అంతా తూకానికి ఇచ్చేద్దాం."

ఆయన చేతుల్లో తిరిగిన సామాను మరి. ఒక్కసారి చూసుకుంటానని ఆమె మరిది వెంట వెళ్ళింది. ఇన్నాళ్ళూ గడప దగ్గర క్యారేజీ ఇచ్చి రావడమే గానీ లోపలికి అడుగు పెట్టింది లేదు.

కొట్టు వాకిట్లో వ్యాను డ్రైవరు మరిది మీద విసుక్కుంటున్నాడు. "బావ చిటికెలో ఇచ్చేవాడయ్యా! నా వ్యాను బుష్షుల కోసం నువ్వు పొద్దుట్నుంచీ డబ్బాల మూతలు తీసి వాసన చూస్తున్నావు."

ఆమె అరల వైపు చూసి అలాగే నిలబడిపోయింది. బియ్యం డబ్బా ఉండాల్సిన కింది మూల లారీ పట్టీలు. పైన చిన్న డబ్బాల వరస. ఇది తన వంటిల్లే!

కొన్నేళ్ళ క్రితం ఒకసారి ఇంట్లో కరెంటు పోయినప్పుడు ఆమె తడుముకోకుండా ఉప్పు తీసింది. ఆయన నోరెళ్ళబెట్టాడు. "చీకట్లో నీకు ఉప్పు దొరుకుతుంది, పట్టపగలు నాకు బుష్షు దొరకదేంటే!" మర్నాడు వంటింట్లో చాలాసేపు నిలబడ్డాడు. "వంట నేర్చుకుంటారా ఏంటి?" అంటే, "నిన్ను చూసి కాపీ కొడుతున్నా" అన్నాడు.

ఆనాటి నుంచి కూర చప్పబడితే చాలు, "ఏమే, వ్యాను బుష్షులు నిండుకున్నాయా?" అనేవాడు. టీలో తీపి తగ్గితే "కార్ల స్ప్రింగులు ఇంకాసిన్ని వెయ్యి." పంచదార డబ్బా జరపబోతే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. అవన్నీ సరసాలే అనుకుంది.

ఇప్పుడామె రెండో అర కుడి చివరికి చెయ్యి చాపి డబ్బా దించింది. డ్రైవరు మూత తీసి, "ఇవే అక్కా, ఇవే!" అన్నాడు.

మరిది కళ్ళు పెద్దవి చేశాడు. "నీకెలా తెలుసు వదినా?"

"మనింట్లో ఉప్పు అక్కడే కదయ్యా ఉండేది."

"ఉప్పేంటి వదినా?"

"తర్వాత చెప్తాలే. ముందు ఆ ఇనుము మనిషిని రావద్దను. రేపట్నుంచి నేనూ వచ్చి కూర్చుంటాను."

ఆ పూట ఇంట్లో కూరలో ఉప్పు వేస్తుంటే కళ్ళు మసకబారాయి. డబ్బాని చెంగుతో తుడిచి, ఒకప్పుడు ఆయన నిలబడి చూసిన చోటు వైపు తిరిగి చూసుకుంటూ, ఉన్న చోటే పెట్టింది.