వెంకటరాజం ఇంటి తడిగోడ

ఫిర్యాదు చేయనిదే వెంకటరాజానికి పొద్దు గడవదు. కొత్తవాడలో తివాచీల దుకాణం నడిపినన్నాళ్లూ వచ్చినవాళ్ల సణుగుళ్లన్నీ నవ్వుతూ విన్నాడు. రంగు వెలిసిందని ఒకరు, అంచు ఊడిందని ఒకరు. దుకాణం కొడుక్కి అప్పగించి మడికొండలో కొత్తిల్లు కొనుక్కున్నాక, ఇక సణిగే వంతు తనదే అనుకున్నాడు. సొంత ఫోన్ నంబరు తడుముకునేవాడు గానీ బిల్డర్ ఓంప్రకాశ్ నంబరు నిద్రలో అడిగినా చెప్పేవాడు.

ఆ రోజులు తలుచుకుంటే ఆయన భార్య లింగమ్మకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఓంప్రకాశ్ వరసగా కట్టిన ఆ ఇళ్లకు ఇంకా కొత్త రంగు వాసన పోలేదు. పొద్దున చాయ్ గ్లాసు కింద పెట్టీపెట్టగానే ఫోను అందుకునేవాడు. తలుపు మూస్తే మూలుగుతోందనేవాడు. గోడ వంకర చూసి బల్లి కూడా ఆగి ఆలోచిస్తోందనేవాడు. ఒకసారి హన్మకొండలో పెళ్లికి పోతే, ఈయన్ను చూసి ఓంప్రకాశ్ వంటల వెనక్కి పోయి దాక్కున్నాడట. ఈయన చేతులు కడుక్కునే చోట పట్టుకుని మరీ మెట్ల ఎగుడుదిగుళ్లు వివరించాడు.

"ఇల్లు చేతికిచ్చినంక ఐదేండ్లదాక జిమ్మేదారి నీదే సేటూ. నేనంటలేను, చట్టమే అంటాంది."

వానాకాలం వచ్చేసరికి కొత్త ఫిర్యాదు మొదలైంది. పక్కింటి హుసేన్‌బీ కప్పు కారి, ఆ నీళ్లు దిగి తమ హాలు గోడ తడిసి ముద్దవుతోందని, ముందు ఆ కప్పు బాగుచేయాలని రోజూ ఫోన్లో ఒకటే పోరు. లింగమ్మ వెళ్లి గోడ తడిమి చూసింది. వేయించిన అప్పడంలా పొడిగా ఉంది. ఇదేం చోద్యమని అడిగితే, నీకు తెలియదు ఊరుకోమన్నాడు.

ఒంటరి ఆడమనిషి మీద నింద వేస్తున్నాడని లింగమ్మకు తల కొట్టేసినట్టయింది. క్షమించమని అడగడానికి పక్కింటికి వెళ్లింది. అక్కడ కప్పు నుంచి నీళ్లు నిజంగానే కారుతున్నాయి. గదినిండా బకెట్లు, గిన్నెలు.

హుసేన్‌బీ మెల్లగా సంగతి చెప్పింది. బిల్డర్ ఆఫీసుకు ఒకసారి ఫోన్ చేస్తే, బట్టల తాడు కోసం మేకులు కొట్టి నువ్వే కప్పు పాడుచేశావని అక్కడివాళ్లు కసిరారట. మళ్లీ అడిగే ధైర్యం చాలలేదు. ఇష్టపడి ఈ ఇల్లు కొనిచ్చిన కొడుకు తౌసీఫ్‌కు చెప్పి బాధపెట్టనూ లేదు.

"వెంకటరాజమన్నతోని నేనే చెప్పిన, నేను అడిగిన్నని ఎవరికీ చెప్పకుర్రి అని. ఫికర్ చెయ్యకు చెల్లె, నన్నెట్లాగూ సతాయించెటోడనే అంటరు, ఇంకొకటి ఎక్కువైతదా అన్నడు," అంది.

లింగమ్మ నిండిన బకెట్ ఒకటి బయట పారబోసి ఇంటికొచ్చింది.

మర్నాడు జోరువానలో ఓంప్రకాశ్ మేస్త్రీని వెంటబెట్టుకుని తానే కారు దిగాడు, ఆ గోడేదో కళ్లారా చూస్తానని. వెంకటరాజం ముఖంలో నెత్తురుచుక్క లేదు. గొడుగు పట్టుకుని ఎదురెళ్లి, ముందు మెట్లు చూద్దువు రమ్మని వాకిట్లోనే నిలబెట్టాడు. వంటింట్లో బియ్యం కడుగుతున్న లింగమ్మ కిటికీలోంచి ఇదంతా చూసింది. మరుక్షణం ఆ గిన్నె పట్టుకుని హాల్లోకి వచ్చి, కడుగునీళ్లన్నీ గోడకేసి కొట్టింది.

ఓంప్రకాశ్ లోపలికి వచ్చి గోడ మీద అరచెయ్యి పెట్టాడు. తడే. చెయ్యి తీసి వెలుతురులో చూసుకున్నాడు. వేలికి ఒక బియ్యపు గింజ అంటుకుంది.

"మీ ఇంట్ల సోనామసూరి వాన పడతాందా చిన్నమ్మా?"

పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని లింగమ్మ, గిన్నె కొంగు చాటున పెట్టుకుని, "గాలి గట్టిగ కొడతాంది గద బిడ్డా," అంది.

ఓంప్రకాశ్ ఇద్దరినీ చూశాడు. గొడుగేసుకుని పక్కింటికి పోయి, కాసేపటికి తల దించుకుని బయటికొచ్చాడు. వాన తెరిపివ్వగానే ఆ కప్పు పని మొదలుపెట్టమని మేస్త్రీకి చెప్పాడు. కారెక్కబోతూ వెనక్కి తిరిగాడు.

"మీ గోడ మాత్రం నువ్వే తుడుసుకోవాలె కాకా."

వెంకటరాజం అప్పటికే పాత తువ్వాలు కోసం వెతుకుతున్నాడు. గోడ అవతల హుసేన్‌బీ నవ్వు వినబడింది.