నాన్న రుచి చూసిన నీళ్లు

మొన్న డాక్టరుగారు నా బీపీ చూసి, ఇకమీదట ఉప్పు తగ్గించాలండీ అన్నారు. బుద్ధిగా తలూపి వచ్చాను గానీ, మెట్లు దిగుతుంటే నాకే నవ్వొచ్చింది. ఆ మాట పాతికేళ్ల కిందట నా నాలుకకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మాది దివిసీమలో సముద్రానికి దగ్గరి ఊరు, నాన్నది రెండెకరాల కౌలు సేద్యం. మన చిన్నతనంలో, మీకూ గుర్తుండే ఉంటుంది, ఏరువాక వెళ్లేసరికి కాలువ నిండుగా వచ్చేది. రెండువేలు దాటిన కొత్తలో ఆ నమ్మకం పోయింది. ఆ ఏడు ఎగువన వానల్లేక కృష్ణ ఎండింది, కాలువ నెర్రెలిచ్చింది, మేమేమో అలవాటు కొద్దీ నారు పోసేశాం. ఇక మిగిలింది మురుగు కాలువ. నదిలో నీళ్లు లేకపోతే పోటుకు సముద్రం అందులోకి ఎక్కొస్తుంది, అందుకని నాన్న రోజూ తెల్లారగానే దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, కాసేపు నిలిపి, ఉమ్మేసి, ఉప్పు తగలకపోతేనే నీళ్లు తోడే ఇంజను వేసేవాడు. పది సెంట్ల ఆ నారుమడి పచ్చదనంలోనే మా ఏడాది తిండి ఉంది.

నాన్నకు జ్వరం వచ్చిన రోజున ఆ పని నాకప్పగించాడు. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న నాకు అదే మొదటి ఉద్యోగం. పరగడుపున వెళ్లమని చెప్పినా వినకుండా, చద్దన్నంలో ఆవకాయ దిట్టంగా కలుపుకుని తిని మరీ విధులకు హాజరయ్యాను. ఆ నోటికి సముద్రాన్ని పట్టించినా చప్పగానే ఉండేదేమో! బాగానే ఉన్నాయనుకుని ఇంజను వేశాను.

మూడోనాటికి నారు కొసలు ఎర్రబడ్డాయి, వారం తిరిగేసరికి మడంతా ఎండుగడ్డి అయింది. మళ్లీ చల్లడానికి విత్తనం లేదు. తిండిగింజలే చల్లేద్దామని నాన్న లేస్తే, అమ్మ వెళ్లి ఆ గింజల బస్తా మీద కూర్చుంది. అప్పుడు నేను ఆవకాయ సంగతి ఒప్పుకున్నాను. నాన్న తిట్టలేదు.

"నీ నాలుకదేం తప్పురా? ఏట్లో నీళ్లుంటే సముద్రం మన చేలోకి ఎందుకొచ్చుద్ది?"

తిట్టినా బాగుండేది. తప్పు నాదైతే మరుసటేడు దిద్దుకోవచ్చు, సముద్రానిదైతే ఎవరు దిద్దుతారు?

కౌలు వదిలేసి పట్నం వెళ్లి, వన్‌టౌన్‌లో ఒక గదిలోకి చేరాం. పండించిన భుజంతోనే నాన్న గోడౌన్లలో పరాయివాళ్ల ధాన్యం బస్తాలు మోశాడు. పోయేదాకా కుళాయి నీళ్లయినా సరే, మొదటి గుక్క నోట్లో నిలిపి చూసుకున్నాకే మింగేవాడు.

ఆ చేను ఇప్పుడు రొయ్యల చెరువు. ఆయన దోసిలితో కాపలా కాసి రానివ్వని ఉప్పునీళ్లనే ఇంజన్లు పెట్టి తోడుకుంటున్నారు. రుచి చూసే పని ఇప్పుడెవరికీ లేదు. అక్కడ వేరే నీళ్లు లేవు.