పుత్తూరు కట్టులో ఆదితాళం

తిరుపతిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. వీణ మీటే చెయ్యి. పుత్తూరులో కట్టు కట్టించుకున్నా, వేళ్లు కదిపి చూడాలంటే భయం. కదలకపోతే?

తిరుగు బస్సులో పక్క సీటు పెద్దాయన ఫోన్‌లో నాదస్వరం వింటున్నాడు. ఉండబట్టలేక "తోడి రాగం" అన్నాను.

"అవునమ్మా! మా నాయన క్యాసెట్టు, దీంట్లోకి ఎక్కించినా. నువ్వేం ఇంటాండావు?"

"పడినప్పట్నుంచి ఏమీ వినలేదు. భయమేస్తోంది."

ఒక ఇయర్‌ఫోన్ నాకిచ్చాడు. ఆలాపన ముగిసి కీర్తన మొదలైంది. కళ్లు మూసుకున్నాను.

వడమాలపేట దాటాక మెల్లగా అన్నాడు: "అమ్మా, నీ చెయ్యి సూడు."

కట్టు బయట చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు వరసగా కొద్దికొద్దిగా వంగుతూ తాళం లెక్కపెడుతున్నాయి.

ఆదితాళంలో వేళ్ల లెక్క మధ్య వేలితో ఆగిపోతుంది. తీగ మీటే చూపుడు వేలు అలాగే ఉంది. దాన్ని కదపమని ఆయనా అనలేదు, నేనూ కదపలేదు.