ఫారంలో లేని అక్కడి సాలు

2017లో పెనుకొండ దగ్గర ఒక ఊరికి సర్వే ఫారాలు పట్టుకొని వెళ్ళాను. వ్యవసాయ పథకాలు పల్లెల్లో నిజంగా ఎవరికి పనికొస్తున్నాయో తేల్చే పరిశోధన అది. మాది ప్యానెల్ సర్వే, అంటే ఏటేటా అవే ఇళ్ళకు వెళ్ళి అవే ప్రశ్నలు అడగడం. నేను ధర్మవరంలో మగ్గం ఇంట్లో పుట్టినవాణ్ణి. చేలో అడుగుపెట్టింది చదువు అయిపోయాకే. నోరు మాత్రం పెద్దది.

ఆ ఊళ్ళో నా మొదటి ఇల్లు అంజినమ్మవ్వది. భర్త లేడు, కొడుకు హిందూపురంలో ఫ్యాక్టరీ పని. మూడెకరాల వానాధార చేను ఆమే చూసుకొనేది.

“ఏం పంట పెట్టినావవ్వా?”

“ఇంగేముంటాది నాయనా, శెనక్కాయే.”

ఫారంలో పంటకు ఒకే గడి. వేరుశెనగ అని రాసేశాను. తీరా చేలోకి వెళ్తే, కొన్ని వేరుశెనగ సాళ్ళకొక సాలులో కంది, అలసంద, అనుము, జొన్న కలిసి మొలిచి ఉన్నాయి. దాన్ని అక్కడి సాలు అంటారు. గొర్రుతో వేరుశెనగ విత్తుతుంటే, వెనక నడిచే ఆడవాళ్ళు ఒంటి గొట్టంలోంచి ఈ గింజలు చేత్తో జారవిడుస్తారు.

“మరి ఇవి చెప్పలేదేం?”

“ఇది పంట యాడైతాదబ్బా? అమ్మేది కాదే! ఇంట్లోకి.”

ఆ సాయంత్రం అలసంద గుగ్గిళ్ళు పళ్ళెం నిండా పెట్టింది. ఆ తాలింపు వాసన ఇప్పటికీ గుర్తే. తింటూనే ఆమెకు పాఠం మొదలుపెట్టాను. అప్పట్లో వ్యవసాయ శాఖవాళ్ళు డెమో ప్లాట్లకు, అంటే కొత్త విత్తనం వేసి పదిమందికి చూపించే చేలకు, రైతులను వెతుకుతున్నారు. చేనంతా ట్రాక్టరుతో ఒకే పంట విత్తాలి, వేరే గింజ పడకూడదు.

“ఆ సాళ్ళలో కూడా శెనక్కాయే కాస్తుందవ్వా.”

“వాన రాకుంటే?”

“ఈ రకం బెట్టకు తట్టుకుంటుంది” అన్నాను, వాన నా జేబులో ఉన్నట్టు.

“సదువుకున్నోడివి. నువ్వు చెప్తాండావని ఏస్తా.”

మరుసటి ఏడు వాన ముఖం చూపించి పోయింది. వేరుశెనగ ఊడలు మట్టిలోకి దిగి కాయ కట్టే వేళకు చుక్క లేదు, అవ్వ చేను ఎండిపోయింది. రెండో విడత సర్వేకు వస్తున్నానని అవ్వకు ఫోన్ చేసి వెళ్ళాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“రాప్పా, ఎండన పడొచ్చినావు” అని చాప వేసి, మళ్ళీ అలసంద గుగ్గిళ్ళే పెట్టింది. హమ్మయ్య, ఎక్కడో నాలుగు సాళ్ళు వేసుకుందిలే అనుకున్నాను. ప్రాణం కుదుటపడి గబగబా తినేసి, ఫారం తీశాను.

కాసేపటికి తిండి ప్రశ్నలు వచ్చాయి. రీకాల్ అంటాం. గడిచిన వారంలో ఏమేం వండారో, ఆ సరుకు ఎక్కడిదో గుర్తుచేయించి రాసుకోవడం.

“పప్పుగింజలేమైనా వండినావా అవ్వా?”

“ఈపొద్దే గదా!”

“మన చేలోవేనా?”

“చేలో యాడుండాయి నాయనా? నువ్వొస్తాండావని పక్కింటి నాగమ్మ కాడ బదులు తెచ్చినా.”

“నువ్వు తిన్నావా?”

“నాకు సంగటి ఉండాదిలే. రాసుకో.”

చేబదులు అన్న గడిలో టిక్కు పెట్టాలి. చెయ్యి రాలేదు. “తప్పు నాదవ్వా” అన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

“ఊరుకో అబ్బా. వానను నువ్వేమన్నా కట్టేసినావా? మల్లేడు అక్కడి సాలు ఏస్తాం గదా, నువ్వూ రా. గొట్టం పట్టుకుంటే తెలుస్తాది.”

మాట ప్రకారం వెళ్ళి పట్టుకున్నాను. గింజలు ఒకచోట గుప్పెడు, ఇంకోచోట సున్నా. మొలిచాక చూసి “మగ్గమోని సాలు చూడండే!” అని అవ్వ పకపకా నవ్వింది. ఆ నవ్వు వినడానికి ఎంత దూరమైనా పోతాను గానీ, ఇప్పుడు ఆమె లేదు.

సర్వేలకు వెళ్ళే పిల్లలకు ఇప్పుడు నేనే శిక్షణ ఇస్తున్నాను. ‘ఏం పంట’ అని కాదు, ఏ సాలులో ఏముందో, దాన్ని ఎవరు తింటారో అడగమంటాను. చివర్లో ఒక మాట తప్పకుండా చెప్తాను. ఎవరింట్లోనైనా మీ ముందు పళ్ళెం పెడితే, చెయ్యి పెట్టేముందు వాళ్ళు తిన్నారో లేదో కనుక్కోండి.